రెండు బాటిళ్ళు ఎక్కించకుండానే అమ్మను ఇంటికి తెచ్చాను, తప్పు చేశానా?

తెనాలి దగ్గర ఒక పల్లె నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు. విషయం పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమె తల్లికి 71 ఏళ్ళు. బీపీ, షుగర్ ఉన్నాయి. షుగర్‌కు పన్నెండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. ఆరేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు, అప్పటి నుంచి రోజూ ఆస్పిరిన్ మాత్ర. బరువు 46 కిలోలు. గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. చేరిన రోజు హిమోగ్లోబిన్ (ఎర్రకణాల్లో ప్రాణవాయువును మోసే పదార్థం) 10.6 ఉంది. ఆపరేషన్ మర్నాడు 8.9, మూడో రోజుకు 8.4. ముందుజాగ్రత్తగా రెండు బాటిళ్ళ రక్తం రెడీగా పెట్టుకోమంటే పెట్టుకున్నారు. తీరా ఆపరేషన్ అయ్యాక సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ చూసి, "ఇప్పుడు ఎక్కించాల్సిన పని లేదు, కనిపెట్టి ఉందాం" అన్నారు. ఈమె సరేనన్నారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాత్రం, "ఎక్కిస్తే తొందరగా లేచి తిరిగేవారేమో" అని ఒక మాట అనేసి వెళ్ళాడట. ఆ మాట ఈమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పటికి పద్దెనిమిది రోజులైంది. అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు. మొన్న పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.7 వచ్చింది. వాకర్‌తో నాలుగడుగులు వేసి కూర్చుండిపోతున్నారు. అన్నం సయించడం లేదు. డల్లాస్‌లో ఉండే అన్నయ్య రోజూ వీడియో కాల్‌లో అమ్మ మొహం చూసి, "ఎలా పాలిపోయిందో చూడు. లక్షలు ఖర్చు పెట్టి రెండు బాటిళ్ళ దగ్గర ఆగిపోయారా? నేనక్కడ ఉంటే ఇలా జరగనిచ్చేవాణ్ణా?" అంటున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ, "టౌన్‌లో నాకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది, ఒక్క పూటలో రెండు బాటిళ్ళు ఎక్కించి పంపిస్తారు, బలం వస్తుంది" అన్నాడు. అన్నయ్య డబ్బు కూడా పంపేశారు. ఇంజినీరింగ్ చదువుతున్న ఈమె కొడుకు, "అమ్మమ్మదీ నాదీ ఒకటే గ్రూపు, నా రక్తమే ఎక్కించండి" అని పట్టుబట్టాడు. అమ్మమ్మేమో "నాకెందుకురా, నువ్వు నీరసపడతావు" అంటున్నారు.

"డాక్టర్ల మాట విని అమ్మకు అన్యాయం చేశానా? ఇప్పుడైనా ఎక్కించమంటారా? మావాడి రక్తమైతే మంచిదా? అన్నయ్యకు ఏమని చెప్పను?" అని అడిగారు.

అమ్మా,

మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మిమ్మల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది అదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీరు అన్యాయం చేయలేదు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆ ఇద్దరు డాక్టర్లూ ఆలోచించి చెప్పిన మాటే అది. ఆ రోజు వాళ్ళ స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, మీ అన్నయ్య కూడా చదువుతారన్న ఆశతో.

మన మాటల్లోనే రక్తమంటే బలం. నీరసంగా ఉన్న మనిషిని చూసి 'ఒంట్లో రక్తం లేదు' అంటాం. బీట్‌రూట్ తింటే 'రక్తం పడుతుంది' అంటాం. భయపడ్డవాడి మొహంలో 'కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు' అంటాం. అందుకే చేతికి అందేంత దూరంలో రక్తం ఉండి కూడా ఎక్కించలేదంటే, ఆకలిగొన్న మనిషికి అన్నం ఉండీ పెట్టనట్టు మనసు కలుక్కుమంటుంది. అన్నయ్య కోపం అక్కడి నుంచే వస్తోంది. అయితే ఆ సంచీలో వచ్చే ఎర్రకణాలు చేసే పని ఒక్కటే: ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును అందుకుని ఒళ్ళంతా మోసుకెళ్ళడం. ప్రాణవాయువు చాలక ఒళ్ళు అల్లాడుతున్నప్పుడు ఒక్క సంచీ మనిషిని నిలబెడుతుంది. చాలుతున్నప్పుడు ఇంకో రెండు సంచులు పోసినా కండ పట్టదు, ఆకలి పుట్టదు, నొప్పి తగ్గదు. (బాటిల్ అని మనం ఇప్పటికీ అంటున్నాం గానీ గాజు సీసాలు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చి చాలా కాలమైంది. దాత ఇచ్చిన రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీసి ఎవరికి ఏది కావాలో అదే ఇస్తారు.)

డ్యూటీ డాక్టరు మాటలోనూ అన్నయ్య మాటలోనూ ఉన్నది ఒక పాత లెక్క. 1942లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు, ఆపరేషన్‌కు వెళ్ళే మనిషికి హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువుంటే ముందే రక్తం ఎక్కించడం మంచిదని రాశారు. తమ అనుభవం మీద చెప్పిన మాటే తప్ప, పరీక్షించి తేల్చింది కాదు. అయినా ఇంచుమించు యాభై ఏళ్ళు లోకమంతా దాన్నే పాటించింది. కాలేజీలో మాకూ అదే నేర్పారు. పదికి దిగితే రెండు సంచులు అని కళ్ళు మూసుకుని రాసేవాళ్ళం. దీన్ని గట్టిగా పరీక్షకు పెట్టిన కెనడా పరిశోధన 1999లో వచ్చింది. ఐసీయూలో ఉన్న 838 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 10 దిగగానే, రెండో జట్టుకు 7 దిగాకే ఎక్కించారు. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు మొదటి జట్టులో నూటికి 23 మంది, రెండో జట్టులో దాదాపు 19 మంది. ఆ తేడా కాకతాళీయంగా కూడా వచ్చి ఉండవచ్చు. కానీ ఎక్కువ ఎక్కిస్తే ఎక్కువ మేలు అన్న నమ్మకం మాత్రం ఆ రోజుతో కదిలిపోయింది.

మీ అమ్మగారికి అచ్చంగా సరిపోయే పరిశోధన 2011లో వచ్చింది. అమెరికా, కెనడాల్లోని 47 ఆసుపత్రుల్లో తుంటి విరిగి ఆపరేషన్ అయిన 2,016 మంది. అందరికీ గుండె జబ్బో, అది వచ్చే ముప్పో ఉంది. సగటు వయసు ఎనభై దాటింది. సగం మందికి 10 దిగగానే ఎక్కించారు. మిగతా సగానికి 8 దిగితేనో, ఇబ్బంది కనిపిస్తేనో ఎక్కించారు. రెండు నెలల తర్వాత వాళ్ళు ముఖ్యంగా చూసిందేమిటో తెలుసా? బతికి ఉండి, ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవగలుగుతున్నారా అని. అలా నడవలేనివాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి రెండు జట్లలోనూ నూటికి 35 మందే. రక్తం ఎక్కువ ఎక్కినవాళ్ళు ముందుగా లేచి తిరగలేదు. రెండో జట్టులో సగానికి పైగా మందికి ఒక్క సంచీ కూడా అవసరం పడలేదు. ఆ కుర్ర డాక్టరు మీ చెవిన వేసి వెళ్ళిన మాటకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. అన్నయ్యకు కూడా చెప్పండి, ఇది ఆయన ఉంటున్న దేశంలో తేల్చిన సంగతే.

ఇప్పుడు నడుస్తున్న లెక్క ఇది. రక్తం పోకుండా నిలకడగా ఉన్న పెద్దవాళ్ళకు మామూలుగా 7 దిగితే ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. ఎముకల ఆపరేషన్ అయినవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు 8 దగ్గరే ఆలోచించవచ్చని 2023లో వచ్చిన అంతర్జాతీయ సూచనలు చెబుతున్నాయి. మీ అమ్మగారు ఈ రెండో కోవలోకి వస్తారు. 8.4 అంటే గీతకు పైనే, కాకపోతే దగ్గరలోనే. అందుకే సర్జన్ "పని లేదు" అని వదిలేయకుండా "కనిపెట్టి ఉందాం" అని కూడా అన్నారు. మీరు ఉత్తరంలో ఆ మొదటి సగాన్నే నాలుగుసార్లు రాశారు. రెండో సగం కూడా ఆయన మాటే.

గీత అందరికీ ఒకటి కాదని కూడా చెప్పాలి. అమ్మగారికి ఈ నెలలోనే గుండెపోటు వచ్చి ఉంటే నా జవాబు ఇంత ధీమాగా ఉండేది కాదు. గుండెపోటుతో పాటు రక్తం తక్కువున్న 3,504 మంది మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. 10కి తగ్గకుండా చూసిన జట్టుకు కాస్త మొగ్గు కనిపించింది, పూర్తిగా తేలలేదు గానీ తోసిపుచ్చలేం. తలసీమియా పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కిస్తూ 9 కంటే దిగకుండా చూసుకుంటారు, ఎందుకంటే వాళ్ళ ఒళ్ళు సొంతంగా సరైన రక్తం తయారు చేసుకోలేదు. కాన్పులో రక్తం ధారగా పోతున్న తల్లి దగ్గర, యాక్సిడెంట్‌లో నలిగినవాడి దగ్గర అసలు అంకె కోసం ఆగనే కూడదు. అప్పుడు రిపోర్టులో అంకె ఎప్పుడూ మనిషి కంటే వెనకబడే వస్తుంది. మనిషిని చూడాలి, ఆ తర్వాత కాగితాన్ని.

ఎక్కిస్తే పోయేదేముంది అని అన్నయ్య అడుగుతారు. నేనూ అలాగే అనుకున్న రాత్రి ఒకటుంది. పీజీ చేస్తున్న రోజులు. మీ అమ్మగారి వయసే ఉన్న ఒక పెద్దాయన, సన్నటి మనిషి, హిమోగ్లోబిన్ 8.8. ఆయాసం లేదు, గుండెనొప్పి లేదు. ముగ్గురు కొడుకులూ వచ్చి, "పొద్దున్నే ఇంటికి తీసుకెళ్తాం సార్, బలానికి రెండు ఎక్కించి పంపండి" అన్నారు. కాదనలేకపోయాను. మొదటిది అయిపోగానే రెండోది తగిలించాం. రాత్రి రెండున్నరకు నర్సు పరుగున వచ్చి పిలిస్తే వెళ్ళాను. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులూ పరుపుకు ఆనించి, గాలి కోసం కొట్టుకుంటున్నాడు. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగు నుంచి పైదాకా బుడబుడలు. రక్తం ఆపేసి, ఆక్సిజన్ పెట్టి, నీరు పోయే ఇంజెక్షన్ ఇస్తే తెల్లవారేసరికి తేరుకున్నాడు. గ్రూపు సరైనదే. రక్తంలో లోపమేమీ లేదు. ఆ గుండె మోయగలిగినదానికంటే ఎక్కువ, అది తట్టుకోగలిగినదానికంటే వేగంగా పోశాం, అంతే. పెద్ద వయసు, తక్కువ బరువు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో అన్నిటికంటే ముందు భయపడాల్సిన ప్రమాదం ఇదే. మీ అమ్మగారు 46 కిలోలు, గుండెకు స్టెంట్ ఉంది. "ఒక్క పూటలో రెండు బాటిళ్ళు" అన్న ఆర్‌ఎంపీ మాట చదివినప్పుడు నాకు ఆ పెద్దాయన కూర్చున్న తీరే గుర్తొచ్చింది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. చలిజ్వరం, దద్దుర్లు అప్పుడప్పుడూ వస్తాయి, తగ్గిపోతాయి. పేర్లు తారుమారై ఒకరి సంచీ ఇంకొకరికి పెట్టడం అరుదు, జరిగితే ప్రాణాంతకం. ప్రతి సంచీకీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాల్సిందే కాబట్టి వాటి భయం పాతరోజుల కంటే బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మన చట్టం రక్తాన్ని కూడా మందుగానే లెక్కేస్తుంది. మందు అంటే దానికో కారణం, ఒక మోతాదు, ఒక కీడు ఉంటాయి.

ఇక మీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. ఆపరేషన్ తర్వాత 8.4కు ఎందుకు దిగిందో తెలుస్తూనే ఉంది. విరిగిన ఎముక దగ్గర, ఆపరేషన్‌లో రక్తం పోతుంది, పెట్టిన సెలైన్ల వల్ల ఉన్నది పల్చబడుతుంది. కానీ ఆసుపత్రిలో చేరిన రోజే 10.6 ఎందుకు ఉంది? అంటే పడక ముందు నుంచే అమ్మగారికి రక్తం తక్కువగా ఉందన్నమాట. కొన్నేళ్ళుగా ఉండి ఉండవచ్చు కూడా. మన దగ్గర ఇంటి ఆడవాళ్ళ రక్తహీనత ఎవరి కంటా పడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి, తెలంగాణలో దాదాపు 58 మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరి తర్వాత మిగిలింది తిని సరిపెట్టుకున్న తరం మీ అమ్మగారిది.

అమ్మగారి విషయంలో నాకు నాలుగు అనుమానాలున్నాయి. ఆరేళ్ళుగా వేసుకుంటున్న ఆస్పిరిన్ వల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం కారుతూ ఉండవచ్చు, కంటికి తెలియదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గుతుంది. షుగర్, బీపీ ఇంతకాలం ఉన్నాయి కాబట్టి కిడ్నీల సంగతి చూడాలి. కిడ్నీ మందగిస్తే రక్తం తయారు కమ్మనే సందేశం ఎముక మజ్జకు సరిగ్గా అందదు. నాలుగోది తిండిలో ఐరన్ లోపం. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా రెండు సంచుల రక్తం దాన్ని నయం చేయదు, కప్పిపెడుతుంది. ఒక సంచీకి హిమోగ్లోబిన్ ఒక పాయింటు దాకా పెరుగుతుంది. ఎక్కించిన కణాలు కొన్ని వారాల్లో అరిగిపోతాయి. కారణం అలాగే ఉంటే రెండు నెలలకు మళ్ళీ ఇదే వీడియో కాల్, ఇదే గొడవ. ఇంకోటి, రక్తం ఎక్కించాక చేస్తే ఐరన్, బి12 పరీక్షలు కూడా తికమక పెడతాయి. ఒకవేళ ఎప్పుడైనా ఎక్కించాల్సి వచ్చినా, ముందు ఈ పరీక్షలకు శాంపిల్ తీసి పెట్టమని అడగండి.

నీరసం గురించి. తుంటి విరిగి మూడు వారాలు కాకముందే 71 ఏళ్ళ మనిషి నాలుగడుగులకు కూర్చుండిపోవడానికి రక్తం ఒక్కటే కారణం కాదు. మంచం పట్టిన ప్రతిరోజూ కండ కరుగుతుంది. నొప్పికి నిద్ర ఉండదు. సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే నీరసపడిపోతారు, అన్నం సయించదు. మళ్ళీ పడతానేమోనన్న భయం సరేసరి. ఇవన్నీ చిన్న పరీక్షలతో, ఓపికతో తేలేవే.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

ఒకటి, ఇప్పటికి రక్తం ఎక్కించకుండా కారణం వెతకడం. రక్తం పూర్తి లెక్క, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, మూత్ర పరీక్ష, మలంలో కనిపించని రక్తం ఉందేమో చూసే పరీక్ష. ఇవి తెనాలిలోనే అయిపోతాయి, రిపోర్టులు సర్జన్‌కు గానీ మంచి ఫిజీషియన్‌కు గానీ చూపించండి. ఐరన్ తక్కువైతే మాత్రలకంటే నరానికి పెట్టే ఐరన్ ఈ సమయంలో నయం అనిపిస్తుంది నాకు. ఆపరేషన్ తర్వాత ఒళ్ళు వాపుమీద ఉన్నప్పుడు పేగులు ఐరన్‌ను సరిగ్గా లోపలికి రానివ్వవు. అది ఆసుపత్రిలోనే పెట్టించాలి, అరుదుగానైనా ఎలర్జీ రావచ్చు. గాయం దగ్గర చీము, జ్వరం ఉంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి. ఈ దారిలో లాభం, సమస్య మూలానికి వెళ్తారు. నష్టం, నిదానం. హిమోగ్లోబిన్ రెండు పాయింట్లు పెరగడానికి నెల పట్టవచ్చు, ఆ నెలంతా అన్నయ్య మాటలు మీరు పడాలి. ఆస్పిరిన్ మీద అనుమానం చెప్పానని మీ అంతట మీరు ఆపేయకండి. స్టెంట్ ఉన్న మనిషికి అది ప్రమాదం. గుండె డాక్టరు చెప్పాలి.

రెండో దారి, పరిస్థితి మారితే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళి ఎక్కించడం. మళ్ళీ చేయించిన పరీక్షలో 8కి దిగినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండెలో నొప్పి, బిగువు ఉన్నా, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నా, విశ్రాంతిలో నాడి నూరు దాటి కొట్టుకుంటున్నా ఆగవద్దు. అప్పుడు నేనూ ఎక్కించమనే అంటాను. ఒక్క సంచీ, మూడు నాలుగు గంటల మీద నిదానంగా. అది అయ్యాక మనిషిని చూసి, మళ్ళీ పరీక్ష చేసి, రెండోది కావాలో వద్దో అప్పుడు తేల్చుకోవాలి. సంచీ తగిలించే ముందు పేరు, నంబరు, గ్రూపు మంచం దగ్గరే సరిచూస్తున్నారో లేదో మీరూ కళ్ళప్పగించి చూడండి. మొదటి పావుగంట నర్సు పక్కనే ఉండాలి. ఒక హెచ్చరిక: హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచి నొప్పిపెట్టినా అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. తుంటి ఆపరేషన్ తర్వాత అది వస్తుంది. దానికి రక్తం ఎక్కించడం మందు కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మూడోది ఆర్‌ఎంపీ చూపిన దారి. అతను మీ మేలు కోరే చెప్పి ఉంటాడు, కాదనను. అయినా అడగండి: ఎక్కించమని రాసే డాక్టరు ఎవరు, అమ్మను చూస్తారా? రక్తం ఏ బ్లడ్ బ్యాంకు నుంచి వస్తుంది, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం అమ్మ రక్తంతో సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేస్తారా? నాలుగు గంటలూ పక్కన ఎవరుంటారు, ఆయాసం వస్తే ఆక్సిజన్ ఉందా? వీటికి తడుముకోకుండా జవాబు రాకపోతే అక్కడికి వెళ్ళవద్దు. రక్తానికి ధర చెబితే అసలే వద్దు. మన దేశంలో రక్తాన్ని అమ్మకూడదు, పరీక్షలకూ భద్రపరచడానికీ అయిన ఖర్చు మాత్రమే తీసుకోవాలి.

మీకు నచ్చితే నాలుగో మార్గం కూడా ఉంది, మొదటిదానితో కలిపి నడుస్తుంది. సర్జన్ దగ్గరికి రివ్యూకు వెళ్ళినప్పుడు అన్నయ్యను ఫోన్‌లో కలపండి. సందేహాలన్నీ ఆయన్నే అడగమనండి. అమ్మగారిని చెయ్యి పట్టి చూసిన డాక్టరు "ఒక సంచీ ఎక్కిద్దాం" అంటే నా ఉత్తరం చూపించి వాదించవద్దు. చూసిన కళ్ళకు నేను దూరం నుంచి రాసే మాట సాటి రాదు. ఎందుకు ఎక్కిస్తున్నారో మాత్రం అడగండి. "బలానికి" అంటే మళ్ళీ అడగండి.

మీ అబ్బాయి సంగతి. మనసున్న పిల్లవాడు. కానీ అతని రక్తం అమ్మమ్మకు వద్దు. సొంతవాళ్ళ రక్తమైతే ఇంకా మంచిదని మనవాళ్ళంతా అనుకుంటారు, నిజానికి ఇక్కడ చుట్టరికమే చిక్కు. దగ్గరి బంధువు తెల్లకణాలను ఒళ్ళు పరాయివిగా గుర్తుపట్టలేకపోవచ్చు. అవి అక్కడే తిష్ఠవేసి ఎక్కించుకున్నవాళ్ళ చర్మం, కాలేయం, ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. చాలా అరుదు, వచ్చిందంటే మాత్రం దాదాపు ఎవరూ బతకరు. మేనరికాలు తరతరాలుగా నడిచిన మన కుటుంబాల్లో ఆ పోలిక ఇంకా ఎక్కువ ఉండే వీలుంది. తప్పనిసరై బంధువుల రక్తం వాడాల్సి వస్తే దానికి రేడియేషన్ పెట్టి ఇవ్వాలి, ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. అబ్బాయిని నిరుత్సాహపరచకండి. 18 దాటి, 45 కిలోల పైన బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి ఎవరి పేరూ చెప్పకుండా ఇచ్చి రమ్మనండి. ఎండాకాలం కాలేజీలు మూసేశాక బ్లడ్ బ్యాంకులు ఖాళీ అవుతాయి, తలసీమియా పిల్లల తల్లిదండ్రులు ఊరూరా తిరుగుతారు. అమ్మమ్మకు అక్కర్లేని రక్తం వాళ్ళలో ఒకరికి అందుతుంది.

ఇంతమంది ఇన్ని మాటలంటున్నారు, అమ్మగారు ఏం కోరుకుంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది, అదీ మనవడి మీద బెంగతో అన్నది. ఆమె తెలివిలో ఉన్నారు, వినగలరు. రక్తం ఎక్కించాలంటే ఒప్పుకోలు ఆమెది. పక్కన కూర్చుని ఇదంతా ఆమెకు చెప్పండి, ఏమంటారో వినండి.

వంటింటి విషయం ఒకటి. చుట్టాలు ఖర్జూరాలు, బెల్లం చిక్కీ, దానిమ్మ జ్యూస్ తెచ్చి "రక్తం పడుతుంది" అని పెడుతూ ఉంటారు. షుగర్ ఉన్న మనిషి, గాయం మానాల్సిన సమయం. వాటిని సున్నితంగా పక్కన పెట్టండి. రోజూ రెండు గుడ్లు, గట్టిపప్పు, పెరుగు, తినేవాళ్ళైతే చేప. కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి.

అన్నయ్యతో వాదన వద్దు. పద్నాలుగు వేల కిలోమీటర్లకు పైగా అవతల ఉండి అమ్మ పడిపోతే ఎత్తలేకపోయిన కొడుకు, చేయగలిగింది ఏదో ఒకటి చేయాలని తపించిపోతున్నారు. రెండు బాటిళ్ళు అన్నది ఆయనకు దొరికిన పని. ఇంకో పని ఇవ్వండి. ఆయన పంపిన డబ్బుతో పరీక్షలు చేయించి, రిపోర్టులు ముందు ఆయనకే పంపండి. ఫిజియోథెరపిస్టును రోజూ ఇంటికి పిలిపించే బాధ్యత ఆయనకు అప్పగించండి. సాయంత్రం ఏడింటికి మీ దగ్గర అమ్మగారు వాకర్ పట్టుకునే వేళకు డల్లాస్‌లో పొద్దున్నే. ఆ సమయానికి కాల్ చేయమనండి. మంచం నుంచి వరండా గడప దాకా ఇవాళ ఎన్ని అడుగులో ఆయన్నే లెక్కపెట్టమనండి. "అన్నయ్యా, నువ్వు ఇక్కడ ఉన్నా డాక్టరు ఇదే చెప్పేవారు" అన్న మాట మీరు ఆ తర్వాత చెబితే వింటారు.

ఫెరిటిన్, బి12 రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి. డిశ్చార్జి చీటీ ఫొటో కూడా జత చేయండి. ఎముక ఆపరేషన్ అయినవాళ్ళకు క్యాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర రెండూ రాస్తారు. చాలా ఇళ్ళల్లో రెండింటినీ కలిపి రాత్రి పాలతో వేసేస్తారు, అప్పుడు ఐరన్ ఒంటికి పట్టదు. మీరు ఏ వేళల్లో వేస్తున్నారో చూసి చెబుతాను.